మనం జడ వాయువులం కాదు



పోస్టు కొంచెం పొడుగుంటది. బస్సులో ఉన్నోళ్లు బస్సులో, హాస్టల్లో ఉన్నోళ్లు అన్నం తిన్నాక తీరిగ్గా చదవండి. ఈసారి డిగ్రీ ఫస్టియర్‌లో సైన్సు తీసుకున్న తమ్ముళ్లు, చెల్లెళ్లు మాత్రం చివరిదాకా చదవాలె. ఇది మీకోసమే రాస్తున్నాం.

మేము ఖిలా వరంగల్‌లో కిరాయి రూముల్లో ఉండి చదువుకుంటున్న ఏడుగురం. కొందరం మహబూబాబాద్ దిక్కు తండాల నుంచి వచ్చినవాళ్లం, కొందరం ములుగు దిక్కు గూడేల నుంచి. అందరిదీ బీఎస్సీ. బడి చదువంతా ఆశ్రమ పాఠశాలల్లో, తెలుగు మీడియంలో అయింది. డిగ్రీకి వచ్చేసరికి పుస్తకం ఇంగ్లీషు, పాఠం ఇంగ్లీషు, పరీక్ష ఇంగ్లీషు. ఫస్ట్ సెమిస్టర్ రిజల్ట్ వచ్చిన రోజు మా ఏడుగురిలో ఐదుగురికి కెమిస్ట్రీ బ్యాక్‌లాగ్ పడింది.

ఆ రోజు సాయంత్రం మాలో ఒక చెల్లె బట్టలన్నీ బ్యాగులో సర్దింది. పుస్తకాలు మాత్రం కిటికీలోనే వదిలేసింది. ఏందని అడిగితే, "పత్తి ఏరుడు నాకొస్తది. ఇది రాదు. రాని దానికి మా యాడి నెలనెలా పైసలు పంపుడెందుకు" అన్నది. ఎవరికీ జవాబు రాలేదు. ఎందుకంటే ఆ మాట మాలో ప్రతి ఒక్కరి మనసులో ఉన్నదే.

ఆ రాత్రి మాకు తెలిసిన సీనియర్లకు ఫోన్లు చేశాం. రెండు రకాల సలహాలు వచ్చాయి. ఒకటి: "గైడు కొను, ఇంపార్టెంట్ క్వశ్చన్లు పది బట్టీ పట్టు, పాసైపోతవు." రెండోది: "మనోళ్లకు సైన్సు కష్టం తమ్మీ, బీఏకు మారు, గ్రూప్స్‌కు పనికొస్తది." ఇద్దరూ మన మంచి కోరి చెప్పినవాళ్లే. వాళ్లను తప్పు పట్టడం లేదు. బీఏ తక్కువ చదువని కూడా అనడం లేదు. కానీ ఇష్టపడి తీసుకున్న సబ్జెక్టును భయంతో వదిలిపెట్టడం వేరు, ఆలోచించి మారడం వేరు.

మా అభిప్రాయం ఇది. మనకు తెలివి లేక కెమిస్ట్రీ పోవడం లేదు. అడగక పోతున్నది. అడిగితే నలుగురు నవ్వుతారని అడగం. ఈ భయం ఒంటరిగా గైడు ముందు కూర్చుంటే పోదు. నలుగురం కలిసి కూర్చుని, మన మాటల్లో అడిగి, తప్పు చెప్పి, ఆ తప్పు మీద అందరం కలిసి నవ్వుకుని, మళ్లీ సరిచేసుకుంటేనే పోతది. గాలి మాటలు చెప్తలేం, ఆర్నెల్లు చేసి చూసినంకనే రాస్తున్నాం.

క్లాసులో ఏం జరుగుతదో మీకు తెలుసు. పాఠం అయిపోగానే "ఎనీ డౌట్స్?" అంటారు. అరవై మంది గమ్మున కూర్చుంటారు. అర్థమైనోళ్లు అర్థమై గమ్మునుంటారు. మనం ఏం అడగాలో ఇంగ్లీషులో వాక్యం కట్టుకునేలోపే బోర్డు తుడిచేస్తారు. మాలో ఒకరు ధైర్యం చేసి లేచి "మోల్ అంటే బరువా, లెక్కనా సార్" అని తెలుగులో అడిగారు. ముందు బెంచీల్లో నవ్వులు. "ఇంటర్‌లో ఏం చదివినవ్?" అని జవాబు. నిజానికి అది మంచి ప్రశ్న. దానికి జవాబు తెలియకుండా మొదటి యూనిట్‌లో ఒక్క లెక్క కూడా చెయ్యలేం. ఆ తర్వాత ఆయన క్లాసులో నోరు తెరవలేదు. మేము కూడా తెరవలేదు.

ఆ ప్రశ్నతోనే మా కూర్చునుడు మొదలైంది. రిజల్ట్ వచ్చిన రెండు రోజులకు, చెల్లె ఇంకా ఊరికి పోకముందే, అందరం మట్టికోట కట్ట మీద కూర్చున్నాం. ఖిలా వరంగల్ తెలియనోళ్లకు చెప్తున్నాం: లోపల రాతికోట, దాని చుట్టూ బయట మట్టికోట. ఆ మట్టికట్ట మీద సాయంత్రం గాలి బాగుంటది. "మోల్ అంటే బరువా, లెక్కనా" అని మళ్లీ అదే ప్రశ్న. కాసేపు ఎవరం మాట్లాడలేదు. అప్పుడు ములుగు దిక్కు తమ్ముడు ఒకడు అడిగాడు: "తునికాకు కట్టకు ఎన్ని ఆకులు?"

ఇది అడగాలా? 50. ఎండాకాలం సెలవుల్లో కల్లం కాడ ఆకులు లెక్కబెట్టి కట్టలు కట్టి పెరిగినవాళ్లమే సగం మందిమి.

"మరి పెద్దాకుల కట్ట, చిన్నాకుల కట్ట ఒకే బరువుంటయా?"

ఉండవు. లెక్క ఒకటే, బరువు వేరు.

అంతే. మోల్ అంటే కట్ట. కాకపోతే మన కట్టకు 50, కెమిస్ట్రీ కట్టకు 6.022 ఇంటూ 10 పవర్ 23. హైడ్రోజన్ వాయువు కట్ట 2 గ్రాములు, నీళ్ల కట్ట 18 గ్రాములు, ఆక్సిజన్ వాయువు కట్ట 32 గ్రాములు. ఆకు మారితే కట్ట బరువు మారినట్టు, పదార్థం మారితే మోల్ బరువు మారుతది. 18 గ్రాముల నీళ్లంటే ఎంత? మూడు నాలుగు టీ చెంచాలు. ఆ కొంచెం నీళ్లలోనే అన్ని అణువులు. "ఆ కల్లంల లెక్కబెట్టేటోనికి పైసలెంత ఇస్తరన్నా?" అని ఒకరు అడిగారు. కడుపుబ్బ నవ్వినం. సర్దిన బ్యాగు రూములో పెట్టి వచ్చిన చెల్లె కూడా నవ్వింది. ఆ నవ్వు తర్వాత మోల్ మీద ఎనిమిది లెక్కలు చేశాం. ఆరు కరెక్ట్ వచ్చాయి.

ఇక్కడొక మాట. కట్ట పోలిక చెప్పుకుంటే కెమిస్ట్రీ వచ్చేసిందని మేము అనడం లేదు. పోలిక దర్వాజ వరకే తీసుకపోతది, ఇంట్లకు మనమే నడవాలె. ఆ ఎనిమిది లెక్కలు చెయ్యకపోతే ఆ రోజు మిగిలేది జోక్ ఒక్కటే. ప్రశ్న, నవ్వు, లెక్క మూడూ ఉండాలె. మూడోది వదిలేస్తే అది గ్రూప్ స్టడీ కాదు, చాయ్ దుకాణం.

లిమిటింగ్ రియేజెంట్ కూడా అట్లనే వచ్చింది. మేడారం జాతరకు పోవాలె. బండ్లు 5 ఉన్నాయి, ఎద్దులు 6 ఉన్నాయి. ఒక్కో బండికి రెండెద్దులు. ఎన్ని బండ్లు కదులుతాయి? మూడే. సంఖ్యలో ఎద్దులే ఎక్కువ, కానీ ముందు అయిపోయేది కూడా ఎద్దులే. కాబట్టి ఎద్దులే లిమిటింగ్ రియేజెంట్, మిగిలిన రెండు బండ్లు ఎక్సెస్. పరీక్షలో చాలామంది చేసే తప్పు ఇక్కడే: ఏది తక్కువ గ్రాములుంటే అదే లిమిటింగ్ అని రాస్తారు. గ్రాములు కాదు, మోల్స్ చూడాలె. మోల్స్ చూసినా చాలదు, ఒక్కో బండికి ఎన్ని ఎద్దులో, అంటే సమీకరణంలో ముందున్న అంకె కూడా చూడాలె.

ఇంక భాష సంగతి. మాలో ఒకరింట్లో నీళ్లను పాణీ అంటారు. ఇంకొకరింట్లో ఏర్ అంటారు. బడిలో నీళ్లు. కాలేజీలో వాటర్. బోర్డు మీద హెచ్ టూ ఓ. ఒక్క లోటా నీళ్ల కోసం ఇన్ని మెట్లెక్కి వచ్చినోళ్లం మనం. మన పక్కన కూర్చున్నోళ్లలో కొందరు ఒక్క మెట్టే ఎక్కుతారు. అందుకే మనకు టైం పడుతది. టైం పడుడు వేరు, రాకపోవుడు వేరు. ఈ తేడా మనకే తెలియకపోతే ఎదుటివాళ్లు మనకు తెలివి లేదని అన్నప్పుడు నమ్మేస్తాం. మా గుంపులో మొదటి ప్రశ్న ఎవరింటి భాషలో వాళ్లు అడగొచ్చు. పక్కోళ్లు తెలుగులోకి తెస్తారు. చివరికి జవాబు మాత్రం అందరం ఇంగ్లీషులో రెండు వాక్యాలు రాస్తాం, ఎందుకంటే పరీక్ష ఇంగ్లీషులో ఉంది. ఇంటి భాషలో ఆలోచించుడు తప్పు కాదు. ఇంగ్లీషు రాసుడు తప్పించుకునుడు మాత్రం మనకే నష్టం.

ఇంటి భాషే కాదు, తెలుగు మాటలు కూడా మమ్మల్ని బాగా తిప్పలు పెట్టాయి. రిడక్షన్‌ను తెలుగులో క్షయకరణం అంటారని ఇంటర్‌లో చదివాం. "క్షయ అంటే తగ్గుడు గదా. మరి క్షయకరణంల ఎలక్ట్రాన్లు పెరుగుతయంటరు. ఇదేం తగ్గుడు?" అని ఒక చెల్లె అడిగింది. "దగ్గు కూడా వస్తదా?" అని ఇంకొకరు. నవ్వు సరే, జవాబు ఎవరికీ రాలేదు. రెండు రోజులు పుస్తకాలు తిరగేసి, ఒక మేడంను స్టాఫ్ రూం బయట ఆపి అడిగితే తేలింది. ఈ మాట ఎలక్ట్రాన్లను కనుక్కోకముందే పుట్టింది. ఖనిజాన్ని బొగ్గుతో కాల్చి లోహం తీస్తే బరువు తగ్గేది, ఎందుకంటే ఖనిజంలోని ఆక్సిజన్ పోయేది. 160 కిలోల స్వచ్ఛమైన హెమటైట్‌లో ఇనుము 112 కిలోలే, మిగతా 48 కిలోలు ఆక్సిజన్. ఆ తగ్గుడే రిడక్షన్. తర్వాత ఎలక్ట్రాన్లు తెలిసినాక చూస్తే, లోహం ఎలక్ట్రాన్లు తీసుకుంటున్నది. ఎలక్ట్రాన్‌ది రుణావేశం కాబట్టి అవి వచ్చి చేరితే ఆక్సీకరణ సంఖ్య ప్లస్ 3 నుంచి సున్నాకు తగ్గుతది. రెండు లెక్కల్లోనూ తగ్గుడు ఉంది. మాకు "తెలివి తక్కువ ప్రశ్న" అనిపించినదాని వెనక ఇంత చరిత్ర ఉంది. "మంచి ప్రశ్న" అని ఆ మేడం అన్న మాట మా చెల్లె మూడు రోజులు చెప్పుకుంది.

కోటలో ఉన్నాం కాబట్టి కోట మీద కూడా ప్రశ్నలు పుట్టాయి. రాతికోట గోడలో అంతంత గ్రానైట్ బండలను సున్నం పెట్టకుండా ఒకదాని మీద ఒకటి పొదిగారు. "ఈ రాళ్ల మధ్య ఏ బంధం? అయానికమా, సమయోజనీయమా?" అని ఒకరు అడిగారు. ఇద్దరు సీరియస్‌గా వాదించుకున్నారు కూడా. జవాబు: రాయికి రాయికి మధ్య రసాయన బంధమే లేదు. బరువు, రాపిడి, చెక్కడం కుదిరిన తీరు, అంతే. బంధం ఉన్నది రాయి లోపల, సిలికాన్‌కు ఆక్సిజన్‌కు మధ్య. ఒకదాని పక్కన ఒకటి ఉన్నంత మాత్రాన బంధం కాదని ఆ రోజు అర్థమైంది. ఆ తర్వాత మిశ్రమానికి, సమ్మేళనానికి తేడా ఎవరూ మర్చిపోలేదు.

ఇక మా తప్పుల గురించి కూడా చెప్పాలె. లేకపోతే ఈ పోస్టు గొప్పలు చెప్పుకున్నట్టు ఉంటది.

మొదటి తప్పు నవ్వుతోనే చేశాం. స్వేదనం, అంటే డిస్టిలేషన్ పాఠం నడుస్తున్నది. "మా అమ్మమ్మ ఇప్పసారా తీస్తది" అని ఒక చెల్లె చెప్పింది. మేము మోపు చేసినం. "మీ అమ్మమ్మను ల్యాబ్ అసిస్టెంట్‌గా పెట్టాలె", "వైవాకు సీసా పట్టుకొస్తదా" అని ఆపకుండా అన్నాం. ఆమె కూడా నవ్వినట్టే చేసింది. తెల్లారి నుంచి నాలుగు రోజులు రాలేదు. మన ఇండ్లను సారా పేరుతో చిన్నచూపు చూసే మాటలు బయట మనం ఎన్ని పడ్డాం? అవే మాటలు మన నోటి నుంచి మన చెల్లె వినాల్సి వచ్చింది. పోయి తప్పయిందని చెప్పినం. అప్పుడే నియమం పెట్టుకున్నాం: నవ్వు తప్పు మీద, ప్రశ్న మీద ఉండొచ్చు. మనిషి మీద, ఇంటి మీద, ఊరి మీద, భాష మీద ఉండొద్దు. ఎవరి మీద జోక్ వేస్తే వాళ్లే ముందు నవ్వాలె, లేదంటే అది జోక్ కాదు.

ఆ చెల్లె తిరిగొచ్చినాక పాఠం ఆమెనే చెప్పింది. ఇప్పపువ్వులో చక్కెర ఉంటది. కుండలో నానబెట్టి ఉంచితే ఈస్ట్ ఆ చక్కెరను తిని ఆల్కహాల్, కార్బన్ డయాక్సైడ్ చేస్తది. అదే కిణ్వనం. పైకొచ్చే బుడగలు కార్బన్ డయాక్సైడ్. కింద మంట పెడితే 78 డిగ్రీల దగ్గర మరిగే ఆల్కహాల్, 100 డిగ్రీల దగ్గర మరిగే నీళ్ల కంటే ఎక్కువ పాళ్లలో ఆవిరవుతది. పై కుండలో చల్లనీళ్లు పోస్తే ఆ ఆవిరి చల్లబడి కారుతది. మొదట కారేది ఘాటు, పోనుపోను పలచన. ల్యాబ్‌లో గాజు కండెన్సర్ చేసే పని అమ్మమ్మ ఇంట్లో చల్లనీళ్ల కుండ చేస్తది. "మరి మొదటిదే ఎందుకు ఘాటు?" అని అడిగితే అమ్మమ్మ "ఎప్పుడూ అంతే బిడ్డా" అంటదట. ఆ "ఎందుకు"కు జవాబు చెప్పడానికే మనం కాలేజీకి వచ్చాం. పెద్దలకు చేతిలో పని ఉంది, దాన్ని కాదనొద్దు. అలాగని మా తాతలకు కెమిస్ట్రీ అంతా ముందే తెలుసని చెప్పుకుని పుస్తకం మూసేసుడు కూడా మోసమే. పైగా సారా కాచుడు గొప్పదని, తాగుడు మంచిదని మేము అనడం లేదు. మన ఇండ్లల్ల అది చేసిన నష్టం మనకే ఎక్కువ తెలుసు.

రెండో తప్పు ఇంకా పెద్దది. పీహెచ్ పాఠం మాకు చాలా బాగా వచ్చిందని అనుకున్నాం. దిష్టి నీళ్లు గుర్తుందిగా, నీళ్లలో పసుపు, సున్నం కలిపితే ఎర్రగా అవుతాయి. నిమ్మకాయ పిండితే మళ్లీ పచ్చబడుతాయి. పసుపు ఒక సూచిక, క్షారంలో రంగు మారుతది. రూములోనే చేసి చూసుకుని మురిసిపోయాం. ఆ ఊపులో "పీహెచ్ 6 ఉన్నదానికంటే 3 ఉన్నది ఎన్ని రెట్లు ఆమ్లం?" అంటే, ఆరులో సగం మూడు కాబట్టి రెండు రెట్లని ఒకరు గట్టిగా చెప్పారు. అందరం ఒప్పుకున్నాం. ఇంటర్నల్ పరీక్షలో అందరం అదే రాసినం, అందరికీ సున్నా. పీహెచ్ లాగరిథం స్కేలు, ఒక్కో అంకెకు పది రెట్లు. మూడు అంకెలంటే 10 ఇంటూ 10 ఇంటూ 10, అంటే 1000 రెట్లు. కలిసి చదివితే కలిసి తప్పు కూడా నేర్చుకుంటామని అర్థమైంది. గట్టిగా మాట్లాడేటోడు చెప్పిందే కరెక్ట్ కాదు.

అప్పటి నుంచి వరుస మార్చినం. ముందు ఎవరికి వాళ్లం ఒంటరిగా అరగంట లెక్క చేస్తాం. తర్వాత జవాబులు ఒకేసారి చూపిస్తాం. తేడా వచ్చిన చోట వాదిస్తాం. చివరికి పుస్తకం తీస్తాం. పుస్తకంలో తేలకపోతే ప్రశ్న కాగితం మీద రాసి మరుసటి రోజు సారునో మేడంనో అడుగుతాం. ఏడుగురి తరఫున ఒకరు అడిగితే భయం ఏడో వంతు అవుతది.

ఇది మేము కనిపెట్టిన పద్ధతి కాదని తర్వాత తెలిసింది. 1970లలో అమెరికాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో యూరి ట్రైస్మన్ అనే గణిత బోధకుడు ఒక విషయం గమనించాడు. ఫస్టియర్ కాలిక్యులస్‌లో నల్లజాతి విద్యార్థులు చాలామంది ఫెయిలవుతున్నారు. ఎందుకని అధ్యాపకులను అడిగితే, ఆసక్తి లేదు, పునాది లేదు, ఇంట్లో ప్రోత్సాహం లేదు అన్నారు. మన గురించి అనే మాటలే కదా ఇవి? ఆయన ఆ మాటలు నమ్మి ఊరుకోలేదు. నల్లజాతి విద్యార్థులు, బాగా చదువుతున్న చైనా మూలాల విద్యార్థులు రోజూ ఎట్లా చదువుతున్నారో దగ్గరుండి చూశాడు. నల్లజాతి పిల్లలు కష్టపడి గంటలు గంటలు చదువుతున్నారు, కానీ ఒంటరిగా. చైనా మూలాల పిల్లలు ఒంటరిగా లెక్కలు చేసి, తర్వాత అందరూ కూడి ఒకరి పని ఒకరు సరిచూసుకుంటున్నారు. తనకొచ్చిన ఇబ్బంది తనొక్కడిదే కాదని వాళ్లకు తెలుస్తున్నది. అప్పుడాయన వెనకబడ్డోళ్లకు తేలిక క్లాసులు పెట్టలేదు. కలిసి కూర్చోబెట్టి గట్టి లెక్కలిచ్చాడు. ఆ వర్క్‌షాపుల్లో చేరిన నల్లజాతి విద్యార్థుల ఫలితాలు బాగా మెరుగయ్యాయి. ఇది గణితం సంగతే కావచ్చు, కానీ మా మట్టికట్ట మీద కెమిస్ట్రీకి కూడా అక్షరాలా అట్లనే వర్తించింది. మనకు జాలి చూపించే తేలిక ప్రశ్నలు వద్దు. గట్టి ప్రశ్నలు కావాలె, వాటిని కలిసి చేసే చోటు కావాలె.

పోస్టు పేరు సంగతికి వస్తాం. వెనక బెంచీల్లో గమ్మున కూర్చునే మా వరుసకు క్లాసులో ఒక పేరు పడ్డది: "ఇనర్ట్ గ్యాసెస్." జడ వాయువులు. దేనితోనూ చర్య జరపరు, ఎవరితోనూ కలవరు అని. మొదట్లో బాధైంది. తర్వాత ఆ పాఠం చదివాం. ఆర్గాన్‌ను 1894లో కనుక్కున్నారు. ఆ వరుస వాయువులు ఏ సమ్మేళనాన్నీ ఇవ్వవని ఆ తర్వాత అరవై ఏండ్లకు పైగా పుస్తకాల్లో రాశారు, పిల్లలు బట్టీ పట్టారు. కెనడాలో నీల్ బార్ట్‌లెట్ అనే రసాయన శాస్త్రవేత్త ప్లాటినం హెక్సాఫ్లోరైడ్ ఆక్సిజన్ అణువు నుంచే ఎలక్ట్రాన్‌ను లాగేస్తున్నదని చూశాడు. ఆక్సిజన్ అణువు అయనీకరణ శక్తి, జినాన్ అయనీకరణ శక్తి దాదాపు సమానం. "దాని దగ్గర లాగగలిగితే దీని దగ్గర ఎందుకు లాగలేదు?" ఇంతే ప్రశ్న. 1962లో రెంటినీ కలిపాడు. పసుపు రంగు ఘన పదార్థం వచ్చింది. జినాన్ సమ్మేళనం! అరవై ఏండ్ల పాఠం ఒక్క ప్రశ్నతో మారిపోయింది. జినాన్ అంతకుముందు కూడా అదే జినాన్. దాన్ని సరైన జతతో ఎవరూ కలపలేదు, అంతే. అందుకే ఇప్పుడు మమ్మల్ని ఇనర్ట్ గ్యాసెస్ అంటే, "1962 దాకనే" అంటున్నాం. ఆ జోక్ అర్థం కావాలంటే ఎదుటోళ్లు పాఠం చదవాలె.

ఇదంతా ఎందుకు, పాస్ మార్కులు వస్తే చాలదా అనేవాళ్లకు ఒక్క మాట. బయ్యారం ఇనుప ఖనిజం పేరు వినని ఆదివాసీ, బంజారా యువకులు మన దిక్కు ఉండరు. 2014 రాష్ట్ర పునర్విభజన చట్టం 13వ షెడ్యూల్‌లో అప్పటి ఖమ్మం జిల్లాలో ఉక్కు కర్మాగారం పెట్టే అవకాశాన్ని సెయిల్ పరిశీలించాలని రాసి ఉంది. పదేండ్లు దాటింది. ధర్నాలకు మనం పోతున్నాం, పోవాలె. కానీ రేపు ఫ్యాక్టరీ వస్తే గేటు కాడ మట్టి మోసే పనికి మనం, ల్యాబ్‌లో ఖనిజం శాతం తేల్చే పనికి బయటోళ్లు అయితే ఆ పోరాటం సగమే గెలిచినట్టు. ఫ్యాక్టరీ రాకపోయినా సరే, మన ఊరి బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎంత, చేన్ల కొట్టే మందులో ఏముంది, గని నుంచి వచ్చే నీళ్లు వాగులో కలిస్తే ఏమైతది అని అడగాలంటే, వచ్చిన రిపోర్టు చదవాలంటే ఈ ఫస్టియర్ కెమిస్ట్రీయే పునాది. జల్, జంగల్, జమీన్ అంటున్నాం. జల్ గురించి రిపోర్టులో మిల్లీగ్రామ్ పర్ లీటర్ అని రాస్తే దాని అర్థం మనలో ఒకరైనా చెప్పగలగాలె కదా. క్లాసులో డౌట్ అడగడానికి భయపడేటోళ్లం రేపు ఆఫీసర్ ముందు ఆ రిపోర్టు మీద ప్రశ్న ఎట్లా అడుగుతాం?

అందుకే ఈ గ్రూపులో ఉన్న అందరికీ మా విన్నపాలు.

ఫస్టియర్ తమ్ముళ్లు, చెల్లెళ్లు: ఒక్కరే కూర్చోకండి. నలుగురైదుగురు చాలు, వారానికి మూడు సాయంత్రాలు చాలు. ముందు ఒంటరిగా చేయండి, తర్వాత కలవండి. రోజుకు ఒక్కరు కనీసం ఒక ప్రశ్న తేవాలె. "నాకు డౌట్ ఏం లేదు" అంటే ఆ రోజు చాయ్ పైసలు వాళ్లవే. ఆడపిల్లలు చీకటి పడకముందే రూముకు చేరేటట్టు టైం పెట్టుకోండి. ల్యాబ్‌లో మాత్రం జోకులు బంద్. యాసిడ్‌ను నీళ్లలో పోయాలె గానీ నీళ్లను యాసిడ్‌లో పోయొద్దు, అక్కడ తప్పు చేస్తే నవ్వేదేం ఉండదు.

సీనియర్ అన్నలు, అక్కలు: "మనోళ్లకు సైన్సు రాదు" అనే మాట దయచేసి ఆపండి. మీరు ప్రేమతో అన్నా అది బ్యాగు సర్దిస్తది. దానికి బదులు మీ పాత నోట్సు ఇవ్వండి, నెలకోసారి వచ్చి కూర్చోండి. మీరు ఫెయిలైన సబ్జెక్టు ఎట్లా పాసయ్యారో చెప్పండి. యల్లాప్రగడ సుబ్బారావు గారు మెట్రిక్ మూడోసారి పాసయ్యారు. తర్వాత ఫోలిక్ యాసిడ్ తయారీ దాకా పోయారు. మన దగ్గర కూడా అట్లాంటి కథలు ఉన్నాయి, కానీ ఫెయిలైన ముక్క దాచి పాసైన ముక్కే చెప్తున్నాం.

పాఠాలు చెప్పే పెద్దలు ఎవరైనా ఇది చదివితే: "ఎనీ డౌట్స్?" అని అడిగి ఒక్క నిమిషం ఆగండి. తెలుగులో అడగనివ్వండి. ఎవరైనా నవ్వితే, ముందు నవ్వినోళ్లను జవాబు చెప్పమనండి. చాలాసార్లు వాళ్లకూ తెలియదు.

చివరగా ఆ చెల్లె సంగతి. ఊరికి పోలేదు. సర్దిన బ్యాగు వారం రోజులు అట్లనే ఉండి తర్వాత ఖాళీ అయింది. మా ఐదు బ్యాక్‌లాగుల్లో నాలుగు పోయాయి. ఒకటి మిగిలింది, అది ఆమెదే. రెండు మార్కుల్లో పోయింది. ఈసారి బ్యాగు సర్దలేదు. రిజల్ట్ చూసిన సాయంత్రం మట్టికట్ట మీదికి ఆన్సర్ తీసుకొచ్చి, "ఈ లెక్కల బండ్లు సరిగ్గనే లెక్కబెట్టిన, ఎద్దులే తప్పినయ్. ఏడ తప్పినయో చెప్పుండ్రి" అని మధ్యలో కూర్చుంది. పొద్దుగూకేదాకా ఆ ఒక్క లెక్కే చేసినం.

మీ ఊళ్లో, మీ హాస్టల్లో ఇట్లాంటి గుంపు ఉంటే చెప్పండి. లేకపోతే రేపు సాయంత్రం మొదలుపెట్టండి. మొదటి ప్రశ్న మేమే ఇస్తున్నాం: మంచు కూడా నీళ్లే కదా, మరి నీళ్ల మీద ఎందుకు తేలుతది? గూగుల్ చూడకుండా, నలుగురు కూర్చుని, మీ ఇంటి భాషలో వాదించుకుని చెప్పండి.

ఇట్లు,
ఖిలా వరంగల్ మట్టికట్ట మీది ఏడుగురం